బియ్యం వుచితం... మరి పప్పు మాట?

వెలిగండ్ల: పశ్చిమ ప్రకాశం మెట్ట గ్రామాలలో పేద యిల్లాలికి నేడున్న బెంగ అన్నం గురించి కాదు, అన్నంలోకి ఆదరువు గురించి. చౌకడిపో బియ్యం పైసా ఖర్చు లేకుండా యింటికి వస్తున్నది. దానిలో కలుపుకునే పప్పు, నూనె, కూరగాయలు మాత్రం అంగడి ధరకే కొనుక్కోవాలి. కూలి దొరికిన వారం పప్పుచారు, దొరకని వారం పచ్చడి మెతుకులు అన్నట్టుగా చాలా కుటుంబాలు నెట్టుకొస్తున్నాయి. తక్కువ ఖర్చుతో కుటుంబానికి బలమైన తిండి వండిపెట్టడం ఎలా అనే ప్రశ్న యిప్పుడు కనిగిరి, వెలిగండ్ల, పామూరు, చంద్రశేఖరపురం, హనుమంతునిపాడు ప్రాంతాలలో ప్రతి వంటింటినీ వేధిస్తున్నది. దీనికి సమాధానం చాలావరకు యీ నేలలోనే, ఒకప్పటి మెట్ట వంటలలోనే వున్నది. అయితే ఆ వంటకు కావలసిన దినుసులు పొలంలోనుంచీ, యింట్లోనుంచీ ఒక్కొక్కటిగా జారిపోవడమే అసలు సమస్య.

రెండు రూపాయల బియ్యం నుంచి వుచిత బియ్యం వరకు

ఒకప్పుడు యీ ప్రాంతంలో వరి అన్నం పండుగనాటి తిండి. కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలో వున్నప్పుడూ, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడూ పరిస్థితి అదే. సజ్జ సంకటి, జొన్న రొట్టె, కొర్రన్నం, వరిగన్నం, రాగి అంబలి పేదల నిత్యాహారం. నందమూరి తారక రామారావు ప్రభుత్వం 1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం ప్రారంభించి, కుటుంబానికి నెలకు 25 కిలోలకు మించకుండా పంపిణీ చేసింది. కరువు సీమకు అది పెద్ద ఆసరా అయింది. ఆకలి తగ్గింది. అదే సమయంలో మెట్ట ధాన్యాల అవసరం కూడా తగ్గింది. సజ్జ దంచుకోవడం, కొర్రలు చెరగడం వంటి శ్రమతో కూడిన పనులను ఆడవారు సంతోషంగానే వదులుకున్నారు. అందుకు వారిని తప్పుపట్టలేము.

ఆ తరువాత ధరలు పలుమార్లు మారి, 2008లో తిరిగి 2 రూపాయలకు, 2011లో రూపాయికి బియ్యం అందాయి. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలను హక్కుగా చేసింది. నిరుపేదల అంత్యోదయ కార్డుకు 35 కిలోలు నిర్ణయించింది. 2023 జనవరి నుంచి యీ గింజలను కేంద్రం వుచితంగా యిస్తున్నది. 2024 జనవరి 1 నుంచి మరో అయిదేళ్ళపాటు యిది కొనసాగుతుందని ప్రకటించింది. రాష్ట్రంలో 2021 నుంచి వాహనాల ద్వారా యింటి ముంగిట బియ్యం యిచ్చే ఏర్పాటు నడిచింది. 2025 జూన్ 1 నుంచి మళ్ళీ చౌకడిపోల వద్దనే పంపిణీ మొదలయింది.

యిన్ని మార్పులలోనూ మారనిది ఒక్కటే. ప్రభుత్వాలు ఏవయినా తమ సాయాన్ని ప్రధానంగా బియ్యం రూపంలోనే అందించాయి. పప్పు, నూనె ఎప్పుడూ బియ్యమంత నిలకడగా అందలేదు. ధరలు మండిన 2024 జూలైలో రైతుబజార్ల ద్వారా కందిపప్పును కిలో 160 రూపాయలకు అమ్మించారు. కానీ రైతుబజార్లు వుండేది పట్టణాలలో. వెలిగండ్ల మండలంలోని పల్లెటూరి కూలీ కిలో పప్పు కోసం బస్సు ఛార్జీ పెట్టుకుని అంతదూరం వెళ్ళలేడు.

లెక్క వేస్తే తేలేది

నలుగురున్న కుటుంబాన్ని తీసుకుంటే నెలకు 20 కిలోల చౌకబియ్యం వస్తాయి. రోజుకు తలకు సుమారు 167 గ్రాములన్నమాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2,000 కేలరీల శక్తి కావలసిన వ్యక్తికి తృణధాన్యాలు 250 గ్రాములు, పప్పులు గుడ్లు మాంసం వంటివి కలిపి 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అవసరం. రెక్కలు ముక్కలు చేసుకునే కూలీకి శక్తి యింకా ఎక్కువే కావాలి.

యీ లెక్కన నలుగురికి నెలకు 30 కిలోల ధాన్యం కావాలి. బియ్యం పోను 10 కిలోల లోటు వుంటుంది. పప్పుల పద్దు కింద పది కిలోలకు పైగా కావాలి. నెలకు కిలో పప్పుతో సరిపెట్టుకునే యింట తలకు రోజుకు పడేది 8 గ్రాములే. అసలు లోటు ఎక్కడున్నదో యీ ఒక్క అంకె చెబుతుంది. కడుపు నిండుతున్నది గాని వంటికి పట్టడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి, ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లలలో 63.2 శాతం మందికి రక్తహీనత వున్నట్లు తేలింది. పిల్లలలో యీ శాతం అంతకు ముందు సర్వేకంటే పెరిగింది.

ఖర్చు తీరు కూడా గమనించదగ్గది. కేంద్ర ప్రభుత్వ గృహ వినియోగ సర్వేల ప్రకారం 1999-2000లో దేశంలోని గ్రామీణ కుటుంబం ఖర్చులో 22.23 శాతం తృణధాన్యాలకు పోయేది. 2022-23 నాటికి అది 4.91 శాతానికి దిగింది. అదే ఏడాది పానీయాలు, ప్యాకెట్లలో వచ్చే తయారు తిండి వగైరాల వాటా 9.62 శాతం. అంటే గింజల కంటే యీ సరుకుపైనే గ్రామీణులు ఎక్కువ ఖర్చు చేశారు. యిద్దరు పిల్లలున్న యింట రోజుకు చెరొక 10 రూపాయల ప్యాకెట్ కొంటే నెలకు 600 రూపాయలు. కందిపప్పు కిలో 150 రూపాయలనుకుంటే ఆ డబ్బుకు 4 కిలోలు వస్తుంది.

దొడ్డు బియ్యం అమ్మి, సన్నబియ్యం కొని

మరో దుబారా చాలామంది లెక్కలోకి తీసుకోనిది. చౌకడిపో బియ్యం దొడ్డుగా వున్నాయని చిల్లర వ్యాపారులకు తెగనమ్మి, సన్నబియ్యం కొనుక్కునే అలవాటు పల్లెల్లో పాతుకుపోయింది. అలా పోగయిన బియ్యం ఎక్కడెక్కడికి చేరుతున్నాయో 2024 నవంబరులో కాకినాడ రేవులో రేగిన దుమారంతో లోకానికి తెలిసింది.

20 కిలోలను కిలో 10 రూపాయల చొప్పున అమ్ముకున్నారనుకుంటే చేతికి వచ్చేది 200 రూపాయలు. అంతే తూకం సన్నబియ్యం కిలో 50 రూపాయల లెక్కన కొంటే 1,000 రూపాయలు. నెలకు 800 రూపాయలు కేవలం మెతుకు సన్నదనానికి పోతున్నాయి. అదే డబ్బుకు 5 కిలోలకు మించి పప్పు వస్తుంది. బలంలో సన్నబియ్యానికీ దొడ్డుబియ్యానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

దొడ్డుబియ్యం రుచించకపోవడానికి వండే తీరు కూడా కొంత కారణమే. గంట సేపు నానబెట్టి, కొలిచి నీళ్ళు పోసి అత్తెసరు పెడితే అన్నం మెత్తగా వుంటుంది. గంజి వార్చి పారబోస్తే దానితోపాటు కొంత బలమూ పోతుంది. వార్చక తప్పదనుకుంటే ఆ గంజిలో ఉప్పు, మజ్జిగ కలుపుకుని తాగడం పాత అలవాటే. యీ బియ్యాన్ని రవ్వగా విసిరి, గుప్పెడు పెసరపప్పు వేసి, తిరగమోతలో ఎసరు పోసి ఉడికిస్తే ఉప్పుడు పిండి అవుతుంది. దోసెలకు, దిబ్బరొట్టెలకు, చింతపండు పులిహోరకు యీ బియ్యమే మేలు.

యిక ‘ప్లాస్టిక్ బియ్యం’ అనే అనుమానం. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12 విటమిను చేర్చి తయారు చేసిన గింజలను నూటికి ఒక పాలు చొప్పున చౌకబియ్యంలో కలిపే పద్ధతి 2024 మార్చి నాటికి దేశమంతటా అమలయింది. అవి పిండిని గింజలుగా అచ్చుపోసినవి గనుక కడిగినప్పుడు కొన్ని పైకి తేలవచ్చు. చాలాచోట్ల ఆడవారు వాటిని ఏరి పారవేశారు. రక్తం పట్టడానికి కలిపిన గింజలే కడుగునీళ్ళలో పోయాయి.

కంది పండే చోట పప్పు కరువు

విచిత్రమేమంటే రాష్ట్రంలో కంది విస్తారంగా పండే జిల్లాలలో వుమ్మడి ప్రకాశం ఒకటి. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి మెట్టలలో కంది పాతకాలపు పంట. అయినా పంట చేతికి రాగానే అప్పుల ఒత్తిడితో రైతు కందులన్నీ కాటాకు ఎత్తేస్తాడు. నాలుగు నెలలు తిరక్కుండా అదే రైతు యింట్లో పప్పు పొట్లం కొట్టు నుంచి వస్తుంది. దేశానికి చాలినంత కంది పండక మొజాంబిక్, టాంజానియా, మయన్మార్ దేశాల నుంచి ఓడలపై వస్తున్నది. అక్కడ వాన తప్పినా యిక్కడ ధర ఎగబాకుతుంది. 2015లో కొన్ని నగరాలలో కిలో 200 రూపాయలు దాటిన సంగతి తెలిసిందే.

కేంద్రం 2025-26కు కందులకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. క్వింటాలు కందులకు 70 నుంచి 75 కిలోల పప్పు దిగుతుంది. అంటే ఆ ధరకే లెక్కకట్టినా కిలో పప్పు 107 నుంచి 114 రూపాయలకు పడుతుంది. పైన మర ఖర్చు, పోగా మిగిలేది నూక, పొట్టు. అవి పశువులకు పనికివస్తాయి. రైతు ఏడాదికి సరిపడా ఒక బస్తా కందులు అట్టేపెట్టుకుంటే, కొట్టు ధరకూ యీ ధరకూ మధ్య తేడా మొత్తం యింటికే మిగులుతుంది. భూమిలేని కూలీ కూడా కోతల కాలంలో కూలి కింద గింజలు తీసుకునే పాత పద్ధతిని కొంతవరకు పాటించగలిగితే మేలు. కందులను తడిపి ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, విసిరి పప్పు చేసుకోవడం యీ ప్రాంతపు పెద్దవారికి తెలిసిన పనే.

నూనె సంగతీ అంతే. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2024 సెప్టెంబరులో కేంద్రం సుంకం పెంచగానే పల్లెటూరి కొట్టులో నూనె ప్యాకెట్ ధర పెరిగింది. 2025 మే చివరలో ముడినూనెపై సుంకాన్ని తగ్గించింది. విదేశీ రేవుల్లోనూ ఢిల్లీలోనూ జరిగే మార్పులకు వెలిగండ్ల వంటింటి పోపు గరిటె లొంగివుండవలసి వస్తున్నది. వేపుళ్ళు తగ్గించి, వేరుశనగ గింజలు లేక నువ్వులు వేయించి నూరి కూరలో కలిపితే నూనె ఆదా అవుతుంది, బలమూ వస్తుంది.

ఏ దినుసు చవక?

ధరను తూకంతో కాక, దానిలోని మాంసకృత్తులతో పోల్చి చూడడం మంచిది. కిలో కందిపప్పులోనూ, కిలో ఉలవలలోనూ దాదాపు 220 గ్రాముల మాంసకృత్తులు వుంటాయి. వేరుశనగ గింజల్లో 250 గ్రాములు. కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు. కందిపప్పు 150 రూపాయలు, ఉలవలు 80, వేరుశనగ 140, గుడ్డు 7 రూపాయలు అనుకుంటే, 100 గ్రాముల మాంసకృత్తులకు ఉలవల్లో 36, వేరుశనగలో 56, కందిపప్పులో 68, గుడ్లలో 117 రూపాయల వరకు అవుతుంది. అంగడి ధరలు వారం వారం మారవచ్చుగాని లెక్క వేసే పద్ధతి మారదు.

దీన్నిబట్టి గుడ్డు వద్దనుకోరాదు. గుడ్డులోని మాంసకృత్తులు మేలైన రకం, పసిపిల్లలకు, గర్భిణులకు అవసరం. బడిలో, అంగన్‌వాడీలో గుడ్డు యిచ్చేది అందుకే. కానీ కుటుంబమంతటికీ రోజూ కావలసిన బలాన్ని తక్కువ ఖర్చుతో తీర్చగలిగేవి ఉలవలు, అలసందలు, పెసలు, వేరుశనగ. మూడు పాళ్ళ ధాన్యానికి ఒక పాలు పప్పు కలిస్తే ఒకదాని లోటు మరొకటి పూడుస్తుందని పోషకాహార నిపుణుల మాట.

ధాన్యాలలోనూ యిదే వరస. పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా వుండదు. సజ్జల్లో 6 నుంచి 8 మిల్లీగ్రాములు వుంటుంది. రాగుల్లో సున్నం సుమారు 350 మిల్లీగ్రాములు, బియ్యంలో 10కి మించదు. 2025-26కు సజ్జల మద్దతు ధర క్వింటాలుకు 2,775 రూపాయలు, రాగులకు 4,886 రూపాయలు. పట్టణాలలో రంగురంగుల ప్యాకెట్లలో ‘మిల్లెట్స్’ పేరుతో అమ్మే సరుకు ధరతో పోలిస్తే యిది కొద్ది భాగమే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తరువాత వీటికి నగరంలో గౌరవం పెరిగింది. పండించిన పల్లెలో మాత్రం యింకా పొయ్యి ఎక్కలేదు.

పాత వంటలే, కొత్త అవసరం

నెలకు లోటుపడే 10 కిలోల ధాన్యాన్ని సజ్జలు, రాగులు, కొర్రలతో పూడ్చుకుంటే మంచిది. వారంలో రెండు పూటలు సంకటి, రెండు పూటలు కొర్రన్నం, పొద్దున పూట అంబలి అనుకుంటే చాలు.

కొర్రబియ్యాన్ని రెండు గంటలైనా నానబెట్టి, సోలెడుకు రెండున్నర సోలల నీళ్ళు పోసి సన్నని సెగపై ఉడికించాలి. పిల్లలు తినడానికి మొరాయిస్తే మొదట్లో సగం బియ్యం కలిపి వండవచ్చు. సజ్జపిండి ఎక్కువ రోజులు నిలవుంటే చేదెక్కుతుంది గనుక వారానికి కావలసినంతే మర పట్టించుకోవాలి. రాగిపిండిని రాత్రి నీళ్ళలో కలిపి వుంచి, పొద్దున కాచి, చల్లారిన తరువాత మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసుకుంటే ఎండలో పనికి పోయేవారికి అంతకు మించిన తిండి లేదు.

ఉలవలు ఒక్క ఖర్చుతో రెండు వంటలిస్తాయి. రాత్రంతా నానబెట్టి ఉడికించి వార్చిన కట్టులో చింతపండు పులుసు, ఉల్లిపాయలు, మిరపకాయలు వేసి మరిగిస్తే చారు. మిగిలిన గింజలను తిరగమోత వేస్తే పిల్లలకు సాయంత్రం గుగ్గిళ్ళు, లేదా ఎనిపి వంకాయతో కలిపితే కూర. మొలక కట్టిన పెసలు, అలసందలయితే తొందరగా ఉడుకుతాయి, సి విటమినూ పెరుగుతుంది. నానబెట్టి వండితే గ్యాసు ఖర్చు కూడా కలిసివస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం దీపం-2 కింద 2024 నవంబరు నుంచి ఏడాదికి 3 సిలిండర్లు వుచితంగా యిచ్చే ఏర్పాటు చేసినా, వాటితో ఏడాది పొడుగునా గడవదు.

కందిపప్పు పలచనైనప్పుడు దానిలో ఆకు పెంచడం మన ఆడవారికి తెలిసిన కిటుకే. గుప్పెడు పప్పుకు చారెడు మునగాకు, తోటకూర, చింతచిగురు, గోంగూర, పొన్నగంటికూర ఏది దొరికితే అది వేసి, పప్పుగుత్తితో ఎనిపి, వెల్లుల్లి తిరగమోత పెడితే నలుగురికి సరిపోతుంది. మునగాకులో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా సున్నం వున్నది. మునగచెట్టు లేని వీధి లేదు. కాని కాయలు కోసుకుని ఆకు మేకలకు వేసే యిళ్ళే ఎక్కువ. ఆకును నీడన ఎండబెట్టి, వేయించిన ఉలవలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు చేర్చి దంచిన కారప్పొడి ఆకుకూర దొరకని వేసవి నెలల్లో ఆదుకుంటుంది.

ఆకుకూరల్లోని ఇనుము వంటికి పట్టాలంటే అన్నంతోపాటు పులుపు పండు ఏదో ఒకటి వుండాలి. నిమ్మకాయ, ఉసిరికాయ, జామపండు యిందుకు పనికివస్తాయి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు యీ లాభాన్ని చెడగొడుతుంది.

ఫ్లోరైడు నేలలో వంటకు మరో బాధ్యత

యీ ప్రాంతపు వంటకు యితర ప్రాంతాలకు లేని మరో బరువు వున్నది. 1937లోనే నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడువల్ల ఎముకల జబ్బు వస్తున్నట్లు షార్ట్ మొదలయిన వైద్యులు వెల్లడించారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన ఫ్లోరైడు, కనిగిరి చుట్టుపట్ల ఎన్నో బోర్లలో అంతకు మించి వున్నది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీటికోసం మూడు దశాబ్దాలుగా పశ్చిమ ప్రకాశం ఎదురుచూస్తూ వచ్చింది.

నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరయిన కొద్దీ మరింత చిక్కబడుతుంది. అందువల్ల దొరికిన కాస్త మంచినీటిని తాగడానికే గాక అన్నం, పప్పు వండడానికీ వాడవలసి వున్నది. తిండిలో సున్నం, సి విటమిను చాలినంత వుంటే ఫ్లోరైడు చేసే హాని కొంత తగ్గుతుంది. రాగులు, మునగాకు, మజ్జిగ, నువ్వులు యిక్కడ కేవలం చవక తిండి కాదు, ఎముకకు కాపు కూడా. రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న బాలుర మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటకు పోయినట్లు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. పచ్చిపులుసు, చింతచిగురు పప్పు తినే యీ సీమ అలవాటుకు అది శాస్త్రపు మద్దతు. అయితే యిది మంచినీటికి బదులు కాదు. తిండితో సరిపెట్టుకోండని ప్రజలకు చెప్పి నీటి బాధ్యతనుంచి తప్పుకోవడానికి ఎవరికీ వీలులేదు.

కుటుంబం చేయగలిగింది, ప్రభుత్వం చేయవలసింది

పొదుపు వంట గురించి సలహాలు చెప్పడం తేలిక. ఉపాధి హామీ కింద 2025-26లో రాష్ట్రంలో రోజుకు నిర్ణయించిన కూలి 307 రూపాయలు. పని దొరకని రోజులు, వలస పోయిన నెలలు లెక్కవేస్తే ఆ మాత్రం కూడా చేతికి రాదు. హైదరాబాదు, బెంగుళూరు కట్టడాల వద్ద రేకుల గుడిసెలో వండుకునే వలస కుటుంబానికి మునగచెట్టూ వుండదు, పెరడూ వుండదు. పొద్దుననగా పొలం పోయి చీకటిపడి వచ్చే ఆడమనిషికి సజ్జలు దంచుకొమ్మని చెప్పడం కూడా న్యాయం కాదు. కాబట్టి శ్రమ తగ్గించే ఏర్పాట్లు లేకుండా పాత వంటలు తిరిగి రావు.

మొదటిది, చౌకడిపోలో పప్పును నిలకడగా యివ్వడం. జిల్లాలో పండిన కందులను మద్దతు ధరకు కొని, జిల్లాలోనే పప్పు పట్టించి, జిల్లా కార్డుదారులకే అందిస్తే రైతుకు, కూలీకి యిద్దరికీ మేలు. బియ్యంలో కొంత భాగానికి బదులు కోరుకున్నవారికి రాగులు, సజ్జలు యివ్వడం రెండవది. యిది కొత్త ఆలోచన కాదు. మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990 దశకంలోనే బీడు భూములు సాగుచేసి, పండిన జొన్నలను వూళ్ళోనే నిలువచేసి, పేదలకు తక్కువ ధరకు పంచి చూపించాయి. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల పథకం ప్రారంభించి, రాగులను రైతుల దగ్గర కొని అంగన్‌వాడీలకు, చౌకడిపోలకు చేర్చింది.

మూడవది, మండల కేంద్రంలోనైనా చిరుధాన్యాలను పొట్టు తీసే మర ఒకటి పొదుపు సంఘాల చేతికి రావాలి. వరి మరలో కొర్రలు ఆడవు. కొర్రలున్నా కొర్రబియ్యం చేసుకునే దారి లేకనే చాలామంది అమ్ముకుంటున్నారు. దీనికి అయ్యే పెట్టుబడి సంఘాలు ఏటా తీసుకునే అప్పులతో పోలిస్తే పెద్దది కాదు.

నాలుగవది వంట నేర్పే పని. 2018 నుంచి ప్రతి సెప్టెంబరులో పోషణ మాసం జరుపుతున్నారు. చాలాచోట్ల అది బల్లమీద కూరగాయలు పేర్చి ఫొటో తీసుకోవడంతో ముగుస్తున్నది. దానికి బదులు అంగన్‌వాడీ కేంద్రంలోనే వారానికొక వంట వండి, తల్లులకు రుచి చూపించి, ఆనాటి అంగడి ధరలతో ఖర్చు పలకమీద రాసి చెబితే ప్రయోజనం వుంటుంది. డొక్కా సీతమ్మ పేరు పెట్టిన మధ్యాహ్న భోజన పథకంలో పిల్లలకు రాగిజావ, గుడ్డు, చిక్కీ అందుతున్నాయి. బడిలో రుచి మరిగిన రాగిజావ యింటి పొయ్యి మీదకు రావడం కష్టం కాదు. బడి ఆవరణలో నాలుగు మునగచెట్లు, ఒక కరివేపాకు చెట్టు, చేతులు కడిగిన నీటితో పెరిగే తోటకూర మడి వేస్తే మధ్యాహ్న భోజనపు పప్పుకు ఆకు కొననక్కరలేదు.

బియ్యం పంపిణీ ఆకలిని ఆపింది. ఆ మేలును ఎవరూ కాదనరు. కాని నలభై ఏళ్ళ తరువాత కూడా పేదవాడి విస్తరిలో మెతుకులు తప్ప మరొకటి నిండుగా కనిపించడం లేదంటే పథకం సగంలోనే ఆగినట్టు. మిగతా సగం పప్పు, ఆకు, చిరుధాన్యం, మంచినీరు. రానున్న కంది కోతలకయినా కొనుగోలు కేంద్రంతోపాటు పప్పు మరను, చౌకడిపోను ఒకే వరసలో కలిపే ఏర్పాటు జరిగితే వెలిగండ్ల వంటి మండలాలలో నెలకు తలకు ఒక కిలో పప్పు అందరాని కోరిక కాబోదు.